పెరుగు డబ్బా మీద రంగు నిలవాలంటే: ప్లాస్టిక్ ప్రైమర్ స్ప్రేతో నా అనుభవం

నేను టేబుల్ మీద ఆడే యుద్ధం ఆటలో బొమ్మ సైనికులు 28 మిల్లీమీటర్ల స్కేలు వాళ్లు, అంటే ఇంచుమించు అంత ఎత్తు. వాళ్ల ఆయిల్ ట్యాంకులు మాత్రం మా ఇంట్లో ఖాళీ అయిన పెరుగు డబ్బాలు. మొదటి ట్యాంకుకి నేరుగా అక్రిలిక్ రంగు వేశాను. ఆరాక ముచ్చటగా ఉంది. రెండో ఆటలో మా తమ్ముడి గోరు తగిలింది, అంతే, పాల మీద మీగడలా పొరంతా లేచి చేతికొచ్చింది.

డబ్బా అడుగున త్రికోణంలో 5 ఉంటే అది పాలీప్రొపిలీన్. దానికి రంగూ సరిగా అంటదు, జిగురూ అంటదు. కారు బంపర్లు కూడా ఎక్కువగా ఆ రకమే కదా, మరి వాటికి రంగెలా నిలుస్తోందని రాణీగంజ్‌లో కారు పెయింట్ల షాపులో అడిగాను. "ముందు ఇది కొట్టాలి సార్" అని ప్లాస్టిక్ ప్రైమర్ స్ప్రే, అంటే ప్లాస్టిక్‌కి రంగు అంటుకునేలా ముందుగా వేసే పూత, చేతిలో పెట్టాడు. 400 మిల్లీలీటర్లు, 450 రూపాయలు. పెరుగు డబ్బా ఫ్రీ, దాని మేకప్‌కి 450! ఇంట్లో ధర చెప్పలేదు.

స్ప్రే డబ్బా మీద 'రుద్దనక్కర్లేదు' అని రాసి ఉంది. నమ్మబుద్ధి కాక మూడు పెరుగు డబ్బాలతో పరీక్ష పెట్టాను. ఒకటి ఊరికే తుడిచి స్ప్రే కొట్టాను. రెండోదాన్ని అంట్లు తోమే లిక్విడ్‌తో కడిగి, 400 నంబరు వాటర్ పేపర్‌తో (నీళ్లతో రుద్దే గరుకు కాగితం) మెరుపు పోయేదాకా తడిపి రుద్ది, ఆరాక స్ప్రే కొట్టాను. మూడోదాన్ని కడిగి రుద్దానంతే, స్ప్రే లేదు. మూడింటికీ ఒకటే రంగు వేసి, మర్నాడు సెల్లోటేప్ గట్టిగా అంటించి లాగాను. మొదటిదానికి అంచుల్లో రంగు ఊడింది. మూడోదానికి సగం టేప్‌తోనే వచ్చేసింది. రెండోది మాత్రం గోరుతో గీకినా కదల్లేదు.

అంటే సరుకు మంచిదే, రాసిన మాటే అబద్ధం. రుద్దడం తప్పదు. డబ్బా మూత దగ్గరి గాడుల్లో పేపర్ దూరక నా వేళ్లు అరిగాయి.

ఇంకో చిక్కు, ఈ స్ప్రేకి రంగే లేదు. ఎక్కడ కొట్టామో, ఎక్కడ వదిలేశామో కనపడదు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని తడి మెరుపు చూసుకోవాలి. జానెడు దూరం నుంచి రెండు పల్చటి పూతలు చాలు. దగ్గర నుంచి కొడితే కారిపోతుంది.

థర్మోకోల్ దగ్గరకు మాత్రం రానివ్వకండి. ట్యాంకు కింద కొండలా అంటించిన ముక్క మీద తుంపర్లు పడి, నా కళ్ల ముందే గుంటలు పడి కుంగిపోయింది. ఇప్పుడు దాన్ని బాంబు పడిన గొయ్యిగా వాడుతున్నాను.

వాసన ఘాటు, మేడ మీదే కొట్టాలి. అమ్మ ఆరేసిన బట్టలు తీశాకే. 5కి మూడున్నర ఇస్తాను. ఆ రాత లేకపోతే నాలుగు ఇచ్చేవాణ్ణి.