ఓవర్‌క్లాక్ నిలబడిందో లేదో తేల్చడానికి ఏ స్ట్రెస్ టెస్ట్ మేలు?

ఓవర్‌క్లాక్ అంటే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డ్‌లను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడపడం. అది తప్పుల్లేకుండా నడుస్తుందో లేదో బరువైన పని పెట్టి చూడడమే స్ట్రెస్ టెస్ట్. పై ప్రశ్నకు ఎక్కువగా వినిపించే జవాబు ఒకటే: "ప్రైమ్‌95 పెట్టి రాత్రంతా వదిలెయ్, తెల్లారేసరికి నడుస్తుంటే ఓకే." ప్రాసెసర్‌లోని అన్ని కోర్‌లనూ ఒకే ఫ్రీక్వెన్సీలో లాక్ చేసి నడిపిన రోజుల్లో ఇది మంచి సలహానే. ఇప్పటి ప్రాసెసర్లు లోడ్‌ని బట్టి, వేడిని బట్టి క్షణక్షణం వేగం మార్చుకుంటాయి. అందుకే బయాస్‌లో (మదర్‌బోర్డ్ సెట్టింగ్‌ల మెనూలో) ఏం మార్చారో తెలిస్తే తప్ప ఏ టెస్ట్ మేలో చెప్పడం కుదరదు.

అలాగని ప్రైమ్‌95ని కొట్టిపారేయలేం. ఇది స్ట్రెస్ టెస్ట్‌గా పుట్టిన ప్రోగ్రాం కాదు. మెర్సెన్ అనే ప్రత్యేక రకం ప్రధాన సంఖ్యల వేట కోసం 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన ప్రాజెక్టుకి చెందింది. ఒక్క గుణకారం తప్పినా రోజుల తరబడి చేసిన లెక్క బూడిదలో పోసిన పన్నీరే కాబట్టి, తన లెక్క తానే సరిచూసుకునే ఏర్పాటు అందులో ఉంది. గుణకారం ఫ్లోటింగ్ పాయింట్‌లో (దశాంశ సంఖ్యలతో) జరుగుతుంది, జవాబు మాత్రం పూర్ణాంకంగా రావాలి. వచ్చిన విలువ దగ్గర్లోని పూర్ణాంకానికి ఎంత దూరంలో ఉందో అది చూస్తుంది. దూరం మరీ ఎక్కువైతే "రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4" అని ఒక లైన్ పడి, ఆ లెక్క చేస్తున్న భాగం (వర్కర్) ఆగిపోతుంది. 0.5 అంటే ఇటు సంఖ్యో అటు సంఖ్యో తేల్చలేని స్థితి. బ్లూ స్క్రీన్ రాలేదు, మౌస్ కదులుతూనే ఉంది, కానీ ప్రాసెసర్ తప్పు లెక్క చేసింది. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలోని ఒక లోపం ఈ ప్రోగ్రాం వాడేవాళ్ల వల్లే బయటపడింది. ఆ తర్వాత ఇంటెల్ బయాస్ అప్‌డేట్ ద్వారా దాన్ని సరిచేసింది.

సినీబెంచ్ అనే ఇంకో ప్రోగ్రాంతో చిక్కు ఇక్కడే. అది బొమ్మ రెండర్ చేసి స్కోరు ఇస్తుంది. మధ్యలో ఒక పిక్సెల్ రంగు తప్పినా దానికి పట్టదు. పది నిమిషాల్లో మెషీన్ కూలిపోతే సెట్టింగ్ పనికిరాదని తెలుస్తుంది, కూలిపోకపోతే ఏమీ తెలియదు. మొదటి జల్లెడగా బాగుంటుంది, అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోకండి.

ప్రైమ్‌95లో అందరూ నొక్కే స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ అనే టెస్ట్ మోడ్ విషయానికొద్దాం. డేటా అంతా ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ అయిన క్యాష్‌లోనే ఇమిడిపోతుంది కాబట్టి మెమరీ కోసం ఎదురుచూడడం ఉండదు, ఏవీఎక్స్ యూనిట్లు (ఒకేసారి చాలా సంఖ్యల మీద లెక్క చేసే భాగాలు) ఊపిరి సలపకుండా పనిచేస్తాయి, వేడి విపరీతంగా వస్తుంది. 95 నుంచి 100 డిగ్రీల మధ్య ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరు పెట్టింది 5.2 గిగాహెర్ట్జ్, టెస్ట్ నడిచింది 4.8లో. తెల్లారి ఎర్రర్లు లేవని సంబరపడతాం, కానీ 5.2 సంగతి ఎవరికీ తెలియదు. అందుకే టెస్ట్ నడుస్తున్నంతసేపూ హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే మానిటరింగ్ ప్రోగ్రాంలో క్లాక్ (నడుస్తున్న వేగం), ఉష్ణోగ్రత రెండూ కనిపించేలా పెట్టుకోవాలి. వేడి వల్ల క్లాక్ పడిపోతుంటే ఏవీఎక్స్ ఆపేయండి, లేదా లార్జ్ ఎఫ్‌ఎఫ్‌టీకి మారండి. ఎక్కువ వేడి పుట్టించేదే కఠినమైన టెస్ట్ అనుకోవడం పాత అలవాటు.

ఐడా64 అనే ప్రోగ్రాంలోని టెస్ట్ చూడ్డానికి నీట్‌గా ఉంటుంది, కానీ మామూలు టిక్‌లతో నడిపితే చాలా మెత్తన. ఎఫ్‌పీయూ (ఫ్లోటింగ్ పాయింట్ లెక్కల భాగం) ఒక్కటే టిక్ చేస్తే కాస్త గట్టిపడుతుంది. కూలర్ సరిగా కూర్చుందా లేదా చూసుకోవడానికి చాలు. ఓసీసీటీ అనే ప్రోగ్రాం వేరే సంగతి. ఎర్రర్ ఏ కోర్‌లో వచ్చిందో చెబుతుంది, గ్రాఫ్‌లు అదే విండోలో ఉంటాయి, సొంత వాడకానికి ఉచితం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కటే ఇన్‌స్టాల్ చేసుకుంటామంటే నేను దీన్నే చూపిస్తాను.

ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్లలో కోర్‌ల వోల్టేజ్ సర్దే కర్వ్ ఆప్టిమైజర్ ముట్టుకుంటే మాత్రం లెక్కంతా తిరగబడుతుంది. నెగటివ్ ఆఫ్‌సెట్ పెట్టామంటే ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా వోల్టేజ్ కోస్తున్నట్టే. మార్జిన్ బాగా పలచబడేది ఒకటి రెండు కోర్‌లు మాత్రమే బూస్ట్ అయ్యే (కాసేపు వేగం పెంచుకునే) పై అంచులో. అన్ని కోర్‌ల మీదా లోడ్ వేస్తే ప్రాసెసర్ ఆ అంచుకి అసలు వెళ్లదు. అందుకే రాత్రంతా ప్రైమ్‌95 పాసైన మెషీన్, పొద్దున బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ తెరవగానే రీస్టార్ట్ అవుతుంది. ఇక్కడ కోర్‌సైక్లర్‌కి సాటి లేదు. అదే ప్రైమ్‌95ని ఒక్కో కోర్ మీద విడివిడిగా, వంతులవారీగా నడిపే చిన్న స్క్రిప్ట్ అది. ఎస్‌ఎస్‌ఈ మోడ్‌లో (ఏవీఎక్స్ కంటే పాత, తేలికైన పద్ధతిలో) నడిపితే వేడి తక్కువ కాబట్టి కోర్ పూర్తి బూస్ట్ వరకూ వెళ్తుంది. దీనికి ఓపిక కావాలి. పదహారు కోర్‌లుంటే పూట గడిచిపోతుంది.

ర్యామ్ ఎర్రర్లు నివురుగప్పిన నిప్పు. ఈరోజు జిప్ ఫైల్ తెరుచుకోదు, వారానికి విండోస్ ఫైళ్లే పాడవుతాయి. అందుకని ఎక్స్‌ఎంపీ (ర్యామ్ కంపెనీ ముందే ఇచ్చిన వేగం సెట్టింగ్) దాటి టైమింగ్‌లు (ర్యామ్ స్పందనలో ఆలస్యాలు) బిగించినప్పుడు విండోస్‌లోకి వెళ్లకముందే యూఎస్‌బీ నుంచి మెమ్‌టెస్ట్86 నడపడం క్షేమం. అది మోటు తప్పుల్ని పట్టేస్తుంది, సూక్ష్మమైనవి కొన్ని జారిపోతాయి. వాటికి విండోస్‌లో టెస్ట్‌మెమ్5ని అంటా777 అనే రెడీమేడ్ కాన్ఫిగ్‌తో నడపాలి, మెమరీ కంట్రోలర్‌ని కూడా కలిపి పిండాలంటే వై-క్రంచర్ అనే ప్రోగ్రాం నడపాలి. ఇంకో సంగతి, ర్యామ్ వేడెక్కితే చల్లగా ఉన్నప్పుడు లేని తప్పులు వస్తాయి. గేమ్ ఆడేటప్పుడు గ్రాఫిక్స్ కార్డ్ వదిలే వేడి ర్యామ్‌కి తగులుతుంది, ఒక్క మెమరీ టెస్టే నడిపితే ఆ పరిస్థితి రాదు.

గ్రాఫిక్స్ కార్డ్‌కి ఫర్‌మార్క్ అనే టెస్ట్ వద్దు. అది కార్డ్‌ని పవర్ లిమిట్‌కి కొట్టేస్తుంది, క్లాక్ కిందికి దిగిపోతుంది, మీరు పెంచిన వేగం దగ్గర పరీక్షే జరగదు. 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్ 20 లూప్‌లు నడిచి, ఫ్రేమ్ రేట్ నిలకడ 97 శాతం ఉంటే పాస్ అంటుంది. అది నయం. ఆ తర్వాత రే ట్రేసింగ్ ఉన్న బరువైన గేమ్ ఒకటి చాలాసేపు ఆడి చూడాలి. వీడియో మెమరీ పెంచేటప్పుడు తెరమీద చుక్కల కోసం కాచుకుని కూర్చోకండి. మెమరీ తన ఎర్రర్లు తానే దిద్దుకునే పనిలో పడితే చుక్కలు రావు, ఎఫ్‌పీఎస్ తగ్గుతుంది. పెంచుతున్నకొద్దీ స్కోరు పడిపోతుంటే హద్దు దాటేసినట్టే.

ఏ టెస్ట్ పాసైనా, చివర్లో విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్‌లో డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ (విండోస్‌ హార్డ్‌వేర్ తప్పుల్ని రాసిపెట్టే చోటు) ఎంట్రీలు వెతకండి. ఈవెంట్ 19 అంటే తప్పు జరిగింది, హార్డ్‌వేర్ దిద్దుకుంది. 18 అంటే దిద్దుకోలేక కూలిపోయింది. ఎంట్రీలో ఏపీఐసీ ఐడీ (తప్పు ఎక్కడ జరిగిందో చెప్పే నంబర్) ఉంటుంది. ఎస్‌ఎంటీ (ఒక్కో కోర్ ఒకేసారి రెండు పనులు నడిపే ఏర్పాటు) ఆన్‌లో ఉన్న రైజెన్‌లో ఒక్కో కోర్‌కి రెండు ఐడీలు కాబట్టి, సాధారణంగా రెండుతో భాగిస్తే కోర్ నంబర్ దొరుకుతుంది. 6 అని ఉంటే కోర్ 3. ఆ ఒక్క కోర్‌కే ఆఫ్‌సెట్ మూడు నాలుగు మెట్లు వెనక్కి తెచ్చి, కోర్‌సైక్లర్‌ని దానిమీదే మళ్లీ నడపండి. మిగతా కోర్‌ల జోలికి పోనక్కర్లేదు.