అనంతపురం మిద్దె ఇంట్లో 350 వాట్ల కరెంటు సారె: కొనొచ్చా, కొంటే ఎట్లా వాడుకోవాలి

అట్టపెట్టె మీద ఏ కంపెనీ పేరున్నా, కుండలు చేసే 350 వాట్ల చిన్న కరెంటు సారెలన్నీ దాదాపు ఒకే అచ్చులో వస్తున్నాయి. 25 సెంటీమీటర్ల అల్యూమినియం చక్రం, దాని చుట్టూ రెండు ముక్కల ప్లాస్టిక్ తొట్టి, ఒక కాలి పెడల్, కుడికీ ఎడమకీ తిరిగేటట్లు ఒక స్విచ్, నిమిషానికి 300 చుట్ల దాకా వేగం. అనంతపురంలో, బోరు నీళ్లతో, చెరువు మట్టితో ఈ రకం సారెను వాడి చూసి రాస్తున్న సమీక్ష ఇది.

తీర్పు ముందే చెప్పేస్తాం. కప్పులు, గిన్నెలు, చిన్న కూజాలు, పూలతొట్లు చేసుకునేవాళ్లు కొనొచ్చు. కడవలు, బానలు చేయాలనుకునేవాళ్లు దీని జోలికి పోవద్దు. మట్టి 2 కిలోలు దాటిందంటే, ముద్దను చక్రం నడిమికి పట్టేటప్పుడు చెయ్యి గట్టిగా ఒత్తిన ప్రతిసారీ చక్రం వేగం తగ్గుతుంది. ప్రకటనల్లో దీనికి ఎన్నో రెట్ల బరువు రాస్తారు. అంత బరువు పెడితే చక్రం తిరుగుతుందేమో గానీ, ఒత్తిడికి నిలబడదు. కుండ పనికి కావలసింది ఆ నిలబడడమే. పెద్ద ముద్ద పట్టక తప్పకపోతే మట్టిని మామూలుకంటే మెత్తగా పిసుక్కోండి, 2 కిలోల పనిని ఒకటిన్నర కిలోల శ్రమతో చేయొచ్చు.

పెట్టె విప్పిన రోజే మూడు పరీక్షలు చేయాలి. చక్రం అంచుకు సూది కొనను తాకీ తాకనట్టు పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. సూదికీ అంచుకూ మధ్య సందు అర మిల్లీమీటరుకు మించి మారుతుంటే చక్రం ఊగుతున్నట్టే, మరుమాట లేకుండా వెనక్కి పంపండి. ఊగే చక్రం మీద అంచు ఎప్పటికీ సమంగా రాదు, నేర్చుకునేవాళ్లు ఆ తప్పు తమ చేతిదేమోనని నెలల తరబడి అనుకుంటారు. రెండోది, పెడల్‌ను అతి తక్కువ వేగంలో పెట్టి అరకిలో మట్టి మీద వేలు ఆనించండి. కుదుపులు లేకుండా తిరగాలి. అంచు సరిచేసేది, కప్పు అడుగు చెక్కేది ఆ వేగంలోనే కాబట్టి, 300 చుట్ల కంటే 50 చుట్ల దగ్గర సాఫీగా తిరగడమే ముఖ్యం. మూడోది, పెడల్‌ను సున్నాకు తెస్తే చక్రం ఆగాలి. ఆగకుండా పాకుతుంటే పెడల్ కింద సర్దుబాటు స్క్రూ ఉందేమో చూడండి.

వేగాల లెక్క ఉజ్జాయింపుగా ఇది: నడిమికి పట్టేటప్పుడు 200 నుంచి 250 చుట్లు, గుంట తీసేటప్పుడు 150, గోడ పైకి లాగేటప్పుడు 80 నుంచి 120, అంచుకు 50. కొత్తవాళ్లు గోడ లాగేటప్పుడు కూడా 200 మీదే ఉంచుతారు. గిన్నె నోరు విచ్చుకుని పళ్లెమైపోవడానికి సగం కారణం అదే. దిశ విషయంలో, కర్రతో తిప్పే సారె దగ్గర చెయ్యి అలవాటైనవాళ్లు ఆ దిశనే పెట్టుకోవచ్చు. ఆ స్విచ్ ఉండడం ఈ సారెలో మాకు బాగా నచ్చిన సంగతి.

నచ్చనిది తొట్టి. రెండు ముక్కలూ కలిసే అతుకు దగ్గర నీళ్లు కారి లోపలి బెల్టు వైపు పోతాయి. అతుకంతా వాజిలీన్ పల్చగా రాస్తే కారదు, విప్పి కడుక్కోవడానికీ అడ్డం రాదు. తొట్టి సగం నిండకముందే వంచేయాలి. అసలు ఒక గిన్నెకు 200 మిల్లీలీటర్ల నీళ్లు చాలు. చేత్తో పోసుకుంటూ పోతే మట్టి నీళ్లు తాగి గోడ కూలుతుంది. స్పాంజి ముక్కతో అద్దుకోండి, గిన్నె అడుగున నిలిచిన నీటిని కూడా దానితోనే తీసేయండి.

ఇంకో లోపం బరువు లేకపోవడం. సారె తేలిక, ముద్ద నడుమ తప్పితే మొత్తం వణుకుతుంది. మన దగ్గర దీనికి చేతికందే మందుంది: కడప బండ. 60 సెంటీమీటర్ల చదరం, 2 సెంటీమీటర్ల మందం ఉన్న బండ దాదాపు 19 కిలోలు తూగుతుంది. నేల మీద రబ్బరు చాప, దాని మీద బండ, ఆపైన సారె. బండ మట్టం కుదిరిందో లేదో స్పిరిట్ లెవెల్‌తో రెండు దిశల్లోనూ చూడాలి. అయితే అదే బండను మట్టి పిసకడానికి వాడొద్దు. నున్నటి బండ నీటిని పీల్చుకోదు కాబట్టి మట్టి అతుక్కుపోతుంది. పైగా కడప బండ సున్నపురాయి. అంచు నుంచి రాలిన చిన్న పెళ్ల మట్టిలో కలిసినా కాల్చిన తర్వాత గొడవే, ఆ సంగతి కిందికి వచ్చేసరికి తెలుస్తుంది.

పిసకడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పలక పోసుకోవడం మేలు. 40 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 5 మందం ఉన్న పలకకు 5.5 కిలోల ప్లాస్టర్, 3.9 లీటర్ల నీళ్లు. ప్లాస్టర్‌ను నీళ్లలో చల్లాలి, నీళ్లను ప్లాస్టర్‌లో పోయకూడదు. రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా అడుగు నుంచి కలిపి, చిక్కబడుతుండగా అచ్చులో పోయాలి. గడ్డకట్టేటప్పుడు వేడెక్కుతుంది, చేతులు అందులో ఉంచకండి. మిగిలినదాన్ని మోరీలో పోస్తే పైపులోనే రాయవుతుంది. సీలింగుకు వాడే ప్లాస్టర్ మెత్తన, త్వరగా రాలిపోతుంది. అచ్చులు పోసేవాళ్లు వాడే గట్టి రకం అడిగి తెచ్చుకోండి. పలక ఆరడానికి వారం పడుతుంది. దాని మీద ఇనుప బద్దతో గీకొద్దు, రాలిన ప్లాస్టర్ కూడా సున్నపు గులక లాగే కుండను చితకగొడుతుంది.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు. తడి చేతులతో చేసే పని ఇది. ఎర్తింగ్ సరిగా ఉన్న ప్లగ్గు, ఆ లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉండాల్సిందే. కరెంటు పోయిన వెంటనే పెడల్‌ను సున్నాకు తెచ్చి స్విచ్ ఆపండి. లేకపోతే కరెంటు వచ్చినప్పుడు చక్రం ఒక్కసారిగా తిరిగి ముద్ద ఎగిరి పడుతుంది. ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్‌వేవ్ రకమై ఉండాలి.

ఇక మట్టి. బయటి ఊరి నుంచి సంచుల్లో తెప్పించుకునే తయారు మట్టి అయితే ఈ భాగం అక్కర్లేదు. కానీ రవాణా ఖర్చు కలిపితే అది ఖరీదే. ఎర్రమట్టిలో ఇసుక ఎక్కువ, జిగట తక్కువ. నల్లరేగడి దానికి పూర్తిగా ఎదురు, ఆరేటప్పుడు పొలంలో పగిలినట్టే కుండలోనూ పగులుతుంది. పనికొచ్చేది చెరువు అడుగున చేరిన ఒండ్రు. దాన్ని బాగా ఎండబెట్టి, నలగ్గొట్టి, నీళ్లలో రెండు రోజులు నానబెట్టాలి. సగం తడితో ఉన్న గడ్డలు నానవు, ఎండినవే నీళ్లలో పొడిపొడిగా విడిపోతాయి. ముందు దోమతెరలో, తర్వాత 60 నంబరు (అంగుళానికి 60 కన్నాలు) స్టీలు జల్లెడలో వడకట్టి, తేరిన నీటిని వంచేసి, పాత నూలు గుడ్డలో మూట కట్టి వేలాడదీయండి.

పెన్సిలు మందం తాడు చేసి వేలికి చుట్టండి, పగలకుండా వంగితే జిగట చాలినట్టు. 12 సెంటీమీటర్ల బద్ద చేసి దాని మీద 10 సెంటీమీటర్ల గీత గీసి ఆరబెట్టండి. ఆరిన తర్వాత గీత 9.2 నుంచి 9.4 మధ్య ఉంటే మంచిది. 9 కంటే తగ్గితే రేగడి పాలు ఎక్కువ. అప్పుడు పగిలిన కుండ పెంకుల్ని దంచి జల్లించిన పొడి నూటికి 10 నుంచి 15 వంతులు కలపండి.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష సున్నానిది. ఎండిన మట్టి మీద వెనిగర్ పోయండి. బుసబుస పొంగితే అందులో సున్నపు గులకలున్నట్టు. కడప జిల్లా ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, నంద్యాల జిల్లా బేతంచెర్లలో బండల గనులు ఎందుకున్నాయో తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. ఈ జిల్లాల్లో నేల కింద సున్నపురాయి పొరలు చాలాచోట్ల ఉన్నాయి. కొలిమిలో 800, 900 డిగ్రీల మధ్య ఆ గులక కాలి పొడి సున్నమవుతుంది. బయటికి తీశాక గాలిలోని తేమను పీల్చి ఉబ్బి, కుండ పైపొరను గుండ్రటి పెచ్చుగా ఊడగొడుతుంది. మచ్చ నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే దోషం సున్నానిదే. పాతకాలం కుమ్మరి ఆవంలో 700 దాటీదాటని వేడిలో కాలిన కడవ ఇట్లా చితకదు, గులక సున్నంగా మారేంత వేడి దానికి తగలదు కాబట్టి. అదే మట్టిని ఇంటి కరెంటు కొలిమిలో 1000 దాకా తీసుకుపోయినవాళ్లు మట్టి చెడ్డదనుకుంటారు. 60 నంబరు జల్లెడ పట్టడమే దీనికి అసలు విరుగుడు. అప్పటికీ అనుమానముంటే కొలిమి నుంచి తీసిన కుండ గోరువెచ్చగా ఉన్నప్పుడే నీళ్లలో కొన్ని గంటలు ముంచి ఉంచండి. సన్నటి సున్నం ఉబ్బే లోపే నానిపోతుంది.

చౌడు నేలల పక్క మట్టికి ఇంకో జబ్బు: ఆరాక అంచు మీద తెల్లటి ఉప్పు పూత. మట్టి నానబెట్టిన నీటిని రెండు మూడుసార్లు పారబోసి మార్చితే చాలావరకు పోతుంది. అచ్చులో పోసే పల్చటి మట్టి చేసేవాళ్లు బోరు నీళ్లు వాడకండి. ఆ నీళ్లలోని కాల్షియం వల్ల మట్టిని పల్చబరిచే సోడియం సిలికేట్ ఎంత వేసినా మట్టి పెరుగులా గడ్డకడుతుంది. దానికి ఆర్‌వో నీళ్లే. సారె పనికి మాత్రం బోరు నీళ్లతో ఇబ్బంది లేదు.

అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. గాలిలో తడి ఉండేది కొన్ని వారాలే. ఎక్కడో తేమ ఊళ్లలో కూర్చుని చెప్పిన ఆరబెట్టే లెక్కలు ఇక్కడ పనికిరావు. ఎండాకాలంలో పొద్దున చేసిన కప్పు మధ్యాహ్నానికే అడుగు చెక్కడానికి వీలైన అరతడి దశ దాటిపోతుంది. అంచు ముందు ఆరి బిగుస్తుంది, పలకకు అంటుకున్న అడుగు ఇంకా తడిగా ఉంటుంది, ఆ లాగుడులో అడుగు పగులుతుంది. అంచు వేలికి అంటని స్థితికి రాగానే కప్పును బోర్లించండి. గుంట తీశాక అడుగును చెక్క బద్దతో నడుమ నుంచి అంచుకు, అంచు నుంచి నడుమకు నాలుగైదుసార్లు ఒత్తితే వంకర పగులు రాదు. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున 2.5 సెంటీమీటర్ల ప్లాస్టర్ పోసి, అది గట్టిపడ్డాక అరలీటరు నీళ్లు తాపితే, అందులో పెట్టిన కప్పు వారమైనా చెక్కడానికి వీలుగా ఉంటుంది. ఈ డబ్బా లేకుండా ఇక్కడ సారె కొనడమే దండగ అని గట్టిగా చెప్తాం. ఆషాఢం గాలి మొదలైతే పడమటి కిటికీలు మూసి పని చేయండి, ఫ్యాను కింద ఏదీ ఆరబెట్టకండి. ఒక వైపు ఆరి ఇంకో వైపు ఆరకపోతే గిన్నె వంగుతుంది. పిడి అతికించేటప్పుడు పిడి, కప్పు ఒకే తడిలో ఉండాలి. రెండు వైపులా గీతలు గీసి, నాలుగు చుక్కల వెనిగర్ కలిపిన మట్టి గంజి పూసి ఒత్తి, ఆ రాత్రంతా కవరు కప్పి ఉంచండి.

ఇంట్లో మట్టి దుమ్మును చీపురుతో ఊడ్చొద్దు. అందులోని సన్నటి సిలికా ఏళ్ల తరబడి పీల్చితే ఊపిరితిత్తులు పాడవుతాయి. తడిగుడ్డతో తుడవడమే పద్ధతి. పనిముట్లు మూడు బకెట్లలో వరసగా కడగండి. మూడో బకెట్ నీళ్లే బయటికి, మొదటి బకెట్ అడుగున తేరినది మళ్లీ ప్లాస్టర్ పలక మీదికి.

కొలిమి కొనే ముందు వోల్టేజీ చూసుకోండి. 3.5 కిలోవాట్ల కొలిమి 230 వోల్టుల దగ్గర 15 యాంపులకు పైగా లాగుతుంది. దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, కరెంటు ఎక్కువైతే లైను ఆపే 20 యాంపుల ఎంసీబీ వేయించాలి. సాయంత్రం వోల్టేజీ 200కు పడిందంటే వేడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, ఎందుకంటే వేడి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 900 దగ్గర కొలిమి మొండికేస్తే తీగ పోయిందని తొందరపడకుండా మీటరు పెట్టి చూడండి, రాత్రి పదకొండు తర్వాత మళ్లీ ప్రయత్నించండి. మొదటి కాల్పులో 90 డిగ్రీల దాకా గంటకు 60 చొప్పున ఎక్కించి అక్కడ రెండు గంటలు నిలపాలి. తడి మిగిలితే 100 దాటేటప్పుడు కుండ పేలుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని స్ఫటికం ఒక్కసారిగా ఉబ్బుతుంది కాబట్టి 600 దాటేదాకా గంటకు 100కు మించొద్దు. ఆ తర్వాత 150 చొప్పున 1000 దాకా పోవచ్చు. దిగేటప్పుడు 100 లోపు వచ్చేదాకా మూత తెరవకండి.

మళ్లీ సారె దగ్గరికి వస్తే, ముందు అరిగేది బెల్టు. దాని మీద అచ్చేసిన నంబరును కొన్న రోజే రాసిపెట్టుకుని, ఒక బెల్టు అదనంగా తెచ్చుకోండి. నెలకోసారి తొట్టి, చక్రం విప్పి, ఇరుసు చుట్టూ చేరిన ఎండు మట్టిని పాత పళ్ల బ్రష్షుతో తీయండి. మెత్తగా అరిగిన మట్టి బేరింగులోకి దిగితే గరగర మొదలవుతుంది. ఆ చప్పుడు వినిపించాక నూనె పోస్తే మట్టీ నూనే కలిసి ఇంకా అరగదీస్తాయి, అప్పుడు బేరింగు మార్చడమే దారి.