హ్యాండ్ బ్రేక్ టైట్‌గ ఉందని మురిసి బండి కొనకుండ్రి

హనుమకొండల సెకండ్ హ్యాండ్ కార్లు చూసెటోళ్లకు నేను కారు కొన్న ఆ యార్డు తెలుసు, పేరు రాయను. నిన్న కాజీపేట దిక్కు ఎత్తు గల్లీల హ్యాండ్ బ్రేక్ ఏసి దిగి డోరు ఏసిన, అంతే, ఆ అదురుకే బండి ఎన్కకు ఉరికి గోడకు గుద్దుకుంది. ఎన్క పిల్లలు లేరు, బతికిపోయినం. గేర్ల పెట్టకపోవుడు నా బుద్ధితక్కువ, ఒప్పుకుంట.

యార్డాయనకు ఫోన్ చేస్తే ఏమన్నడో తెల్సా? "హ్యాండ్ బ్రేక్‌ను నమ్ముకొని ఎవరన్న బండి పెడ్తరా సార్? టైరు కింద రాయి పెట్టుకోవాలె గదా." రాయి! స్టెప్నీ పక్కన జాగ ఉండె, ఆ రాయి గూడ మీరే ఏసియ్యకపోతిరా. పైసలు లెక్కపెట్టుకున్న నాడు "అన్నా" అన్న నోరే ఇది.

మెకానిక్ ఎన్క డ్రమ్ములు విప్పిండు. ఎడమ దిక్కు వీల్ సిలిండర్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడితోని షూలను డ్రమ్ముకు నూకేది) కారి బ్రేక్ షూ ఆ ఆయిల్‌ల నానింది. ఆయిల్ తాగిన లైనింగ్ (షూ మీద రాపిడికి ఉండే పొర) ఎంత గుంజినా జారుడే. కుడి దిక్కుది అరిగి పల్చగైంది. యార్డోళ్లు షూలు, సిలిండర్ మార్చుడు మాని, హ్యాండ్ బ్రేక్ లివర్ దగ్గర కేబుల్ నట్టు బిగించి పంపిన్రు. అందుకే రెండు టిక్కులకే (గుంజితే వచ్చే టిక్ టిక్ సప్పుడు) లివర్ గట్టిగ నిలబడ్తుండె. నేనేమో "మస్తు టైట్‌గ ఉంది" అనుకున్న! కాలి బ్రేకుల తేడా తెల్వలే, ఎందుకంటే ఆపే బరువు ఎక్కువ ముందటి డిస్కుల మీదనే పడ్తది. హ్యాండ్ బ్రేక్ పట్టేది ఎన్క చక్రాలనే.

చూసెటోళ్లు గివి చూడుండ్రి. లివర్ మామూలుగ ఐదు నుంచి ఎనిమిది టిక్కులకు పట్టాలె. ఒకటి రెండుకే ఆగినా అనుమానమే, పదికి పైన పోయినా అనుమానమే. ఎత్తు మీద న్యూట్రల్ చేసి, హ్యాండ్ బ్రేక్ గుంజి, కాలి బ్రేక్ మెల్లగ వదలుండ్రి. బండి మూతి పైకి పెట్టి ఒకసారి, కిందికి పెట్టి ఒకసారి. సీట్ల మనిషి ఉండాలె, కాలు పెడల్ మీదనే ఉండాలె. ఎన్క టైర్ల లోపలి దిక్కు తడి ఉందా చూడుండ్రి. బ్రేక్ ఆయిల్ డబ్బా నిండుగ ఉందంటే నమ్మకుండ్రి, అమ్మే ముందు పోసి నింపుతరు.

పార్క్ చేసేటప్పుడు ఎత్తుకు ఫస్ట్ గేరు, పల్లానికి రివర్స్. ఏఎమ్‌టీ (క్లచ్ పెడల్ లేకుండ గేర్లు తానే మార్చుకునే) బండ్లల్ల ఎక్కువ వాటికి పీ (పార్కింగ్) ఉండదు, గేర్లనే ఉంచి ఇంజన్ ఆపుండ్రి. యార్డోళ్లను రాతపూర్వకంగ అడిగిన, జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్త.