సింగపూర్ పాత ఫోర్డ్ ఫ్యాక్టరీ: సోమవారం మాత్రం వెళ్లకండి

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వాళ్లు సింగపూర్‌ని జపాన్‌కి అప్పగించిన చోటు ఇది, ఇప్పుడు మ్యూజియం. మొదటిసారి సోమవారం వెళ్లాం. ఆ రోజు సెలవట. తప్పు మాదే, చూసుకోకుండా బయల్దేరి, మూసిన తలుపుల ముందు ఒక ఫొటో దిగి తిరిగొచ్చాం. రెండోసారి మా నాన్నని కూడా తీసుకెళ్లాను, అదే మంచిదైంది.

అప్పర్ బుకిత్ తిమా రోడ్డు మీద ఉంటుంది. 2025లో దగ్గర్లోనే హ్యూమ్ అని మెట్రో స్టేషన్ తెరిచారు కాబట్టి ఇప్పుడు వెళ్లడం తేలిక. బయట నుంచి చూస్తే మ్యూజియంలా కాదు, పాతకాలం సినిమాహాల్లా ఉంటుంది. వెనకున్న షెడ్లు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కట్టేశారు, ముందు భాగం ఒక్కటే మిగిలింది. ఆగ్నేయాసియాలో ఫోర్డ్ వాళ్ల మొదటి కార్ల ఫ్యాక్టరీ ఇది, 1941లో కట్టారు. ఇంతలోనే యుద్ధం వచ్చిపడితే బ్రిటిష్ వాళ్లు విడిభాగాలు తెప్పించి ఇక్కడ యుద్ధ విమానాలు బిగించారు, తీరా జపాన్ సైన్యం దగ్గరికొచ్చేసరికి వాటిని సింగపూర్ నుంచే తరలించేశారు.

అందరూ చూడ్డానికొచ్చేది బోర్డ్‌రూమ్. 1942 ఫిబ్రవరి 15 సాయంత్రం బ్రిటిష్ జనరల్ పెర్సివల్, జపాన్ జనరల్ యమషిత ఎదురుగా కూర్చుని లొంగుబాటు కాగితం మీద సంతకం పెట్టింది ఇక్కడే. ఒక పొడవాటి బల్ల, చుట్టూ కుర్చీలు, అంతే. నేనైతే ఏదో దర్బారు హాలు ఊహించుకున్నాను. మా నాన్న గుమ్మం దగ్గరే ఆగిపోయి "ఇంతేనా గది?" అన్నాడు. ఇంకో సంగతి, ఆ బల్ల అసలుది కాదు, నకలు. అసలుది ఆస్ట్రేలియాలో, కాన్‌బెర్రాలోని వార్ మెమోరియల్‌లో ఉంది. అది తెలిశాక కాస్త ఉసూరుమనిపించింది గానీ గది మాత్రం అదే గది కదా.

లొంగిపోయిన వాళ్లు 80,000 పైమాటే, గెలిచిన వాళ్లు దాదాపు 30,000. పైగా యమషిత దగ్గర మందుగుండు అయిపోవస్తోంది, ఆ సంగతి అవతలి వాళ్లకి తెలిస్తే కొంప మునుగుతుందని లోపల టెన్షన్, అందుకే బేరాలకి దిగకుండా అవునా కాదా తేల్చమని పెర్సివల్ పీకల మీద కూర్చున్నాడు. ఇటు పెర్సివల్‌కేమో ఊరి నిండా జనం, నీళ్లు అయిపోతున్నాయి, రిజర్వాయర్లు శత్రువు చేతిలో. ఇదంతా చెప్తే మా నాన్న "చేతిలో ముక్కల్లేకుండా షో చెప్పాడన్నమాట" అన్నాడు. గోడల మీద రాసినవన్నీ చదివాను, ఇంత బాగా చెప్పినది ఒక్కటీ కనబడలేదు.

మిగతా గదుల్లో యుద్ధం కంటే ఆ తర్వాతి మూడున్నరేళ్ల జపాన్ పాలనే ఎక్కువ, నాకు నచ్చింది కూడా అదే. ఊరి పేరు స్యోనాన్ అని మార్చడం, అనుమానం ఉన్న చైనీయుల్ని ఏరి తీసుకెళ్లి చంపేయడం, బియ్యం దిగుమతి ఆగిపోయి కర్రపెండలం తిని బతకడం. జపాన్ వాళ్లు వేసిన నోట్లు చూడండి, పది డాలర్ల నోటు మీద అరటి గెల ఉంటుంది, అందుకే జనం 'బనానా మనీ' అన్నారు. రానురాను నోటుకి సీరియల్ నంబరు వేయడం కూడా మానేసి అచ్చేశారు, ఇక దాని విలువ ఎంతుంటుందో మీరే లెక్కేసుకోండి. అప్పుడు బతికున్నవాళ్ల గొంతులు రికార్డింగుల్లో వినొచ్చు, హడావుడి పడకుండా వినండి. పిల్లలకి మాత్రం చదవడమే ఎక్కువ కాబట్టి విసుగొస్తుంది.

అన్నట్టు, 2017లో మార్పులు చేసి తెరిచినప్పుడు దీనికి 'స్యోనాన్ గ్యాలరీ' అని పేరు పెట్టారు. ఆ పేరు కింద మావాళ్లు చచ్చిపోయారు, మళ్లీ అదేనా అని జనం గోల చేస్తే రెండ్రోజుల్లో తీసేశారు.

మా నాన్న మాత్రం మొదటి నుంచీ ఒక్కటే వెతికాడు, "మనవాళ్లెక్కడరా?" అని. లొంగిపోయిన రెండ్రోజులకి, ఫిబ్రవరి 17న, ఫారర్ పార్క్‌లో దాదాపు 45,000 మంది భారతీయ సైనికుల్ని నిలబెట్టి జపాన్ వాళ్లకి అప్పగించారు. వాళ్లలో ఒకడైన కెప్టెన్ మోహన్ సింగ్ మొదలుపెట్టిన ఆజాద్ హింద్ ఫౌజు పుట్టింది వీళ్లలోంచే, 1943లో నేతాజీ వచ్చాక దానికి మళ్లీ ప్రాణం వచ్చింది. చేరనివాళ్లు ఖైదీల శిబిరాల్లో నానా అవస్థలు పడ్డారు. మన తెలుగు కూలీలు కూడా ఎంతోమంది మలయా తోటల నుంచి జపాన్ వాళ్లు వేయించిన బర్మా రైల్వే పనికి వెళ్లి తిరిగి రాలేదు. ఈ భాగం ఇంకో గది నిండా ఉన్నా నేను నిలబడి చదివేవాణ్ని.

మామూలుగా గంటన్నర చాలు. మాకు మూడు గంటలు పట్టింది, బయటికొచ్చేముందు నాన్న మళ్లీ ఒకసారి ఆ బల్ల దగ్గరికెళ్లి పెర్సివల్ కూర్చున్న వైపు ఏదని అడిగాడు.