బిల్లులో వ్యాక్యూమ్ ఉంది, బండిలో పంపు లేదు

పాత హాట్ అండ్ కోల్డ్ ఏసీ తీసేసి కొత్తది పెట్టించాలనుకునేవాళ్లు ముందు ఇది చదవండి. "మొత్తం కలిపి ఇంతే సార్" అని ఒకటే రేటు చెప్పే బ్యాచ్ ఉందే, వాళ్ల గురించే. పేరు చెప్పను, తగిలినవాళ్లకి ఈపాటికి అర్థమై ఉంటుంది.

మా ఇంట్లో బిగించే రోజు ఆ "మొత్తం"లోంచి ఒక్కొక్కటే జారిపోయింది. ప్యాకేజీలో రాగి పైపు 3 మీటర్లేనట, ఆపైన మీటరు లెక్కట. అవుట్‌డోర్ స్టాండు వేరు, గోడకి కన్నం వేరు, డ్రెయిన్ పైపు వేరు, కేబుల్ వేరు. పాత కాయిల్, కంప్రెసర్ మాత్రం అడక్కుండానే వాళ్ల ఆటో ఎక్కేశాయి. తుక్కు రేటు బిల్లులో తగ్గించమంటే, "తీసుకెళ్లి పారేస్తున్నాం కదా, అదే సాయం" అట. ఎంత దయ!

ఇదంతా దిగమింగొచ్చు. మింగుడుపడనిది ఒక్కటే. బిల్లులో "వ్యాక్యూమింగ్" అని, అంటే పైపుల్లోని గాలి, తేమ పంపుతో లాగేసే పనికి, విడిగా చార్జీ వేశారు. "ఆ పంపు ఏది?" అని అడిగితే, బిగించే మనిషి తల కూడా తిప్పలేదు. అలెన్ కీతో అవుట్‌డోర్ యూనిట్ లిక్విడ్ వాల్వ్ కాస్త తెరిచి, గ్యాస్ వైపు ఫ్లేర్ నట్ (పైపు జాయింటు నట్) వదులు చేసి, నాలుగు సెకన్లు "స్స్" మనిపించి, నట్ బిగించేశాడు. "గాలి పోయింది. ఇన్నేళ్లుగా ఇలాగే చేస్తున్నాం, మాకు నేర్పకండి." అంతే!

పోయింది గాలి ఒక్కటే కాదు. ఫ్యాక్టరీలో తూకం వేసి నింపిన గ్యాస్‌లో కొంత పోయింది. అదీ ఆర్32 అనే గ్యాస్, నిప్పు తగిలితే అంటుకునే రకం. పైపులో తేమ మాత్రం అక్కడే ఉంది. అది కంప్రెసర్‌లోని పీఓఈ ఆయిల్‌తో కలిస్తే యాసిడ్ తయారై మోటార్ వైండింగ్ ఇన్సులేషన్‌ని మెల్లగా తినేస్తుంది. మిగిలిపోయిన గాలి కండెన్సర్‌లో (అవుట్‌డోర్ కాయిల్‌లో) ద్రవంగా మారదు కాబట్టి హెడ్ ప్రెషర్, అంటే కంప్రెసర్ నుంచి బయటికొచ్చే వైపు ప్రెషర్, పెరుగుతుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. మొదట్లో చల్లగానే ఉంటుంది, అదే అసలు మోసం. కంప్రెసర్ పోయే రోజుకి వాళ్ల ఫోన్ ఎవరెత్తుతారు?

పద్ధతి ఇదీ: ముందు పైపుల్లో నైట్రోజన్ నింపి ప్రెషర్ నిలబడుతోందా చూడాలి. తర్వాత వ్యాక్యూమ్ పంపుతో 500 మైక్రాన్ల (వ్యాక్యూమ్ కొలిచే యూనిట్, ఎంత తక్కువైతే అంత ఖాళీ) కిందికి లాగి, పంపు ఆపి, కనీసం 10 నిమిషాలు గేజ్ చూడాలి. ముల్లు పైకి పాకి ఒకచోట ఆగితే తేమ, ఆగకుండా ఎక్కుతూ పోతే లీకు. పైపు పొడుగైతే మీటరుకి ఎన్ని గ్రాములు కలపాలో మాన్యువల్లో ఉంటుంది, తక్కెడ పెట్టి నింపాలి. చేత్తో పైపు పట్టుకుని "చల్లగా ఉంది" అనడం కొలత కాదు.

ఇవన్నీ తెలిసి కూడా కొటేషన్‌లో ఒక్క ముక్క రాయించుకోకుండా సంతకం పెట్టిన నా చేతికి ఏం శిక్ష వేయాలో మీరే చెప్పండి. పాతదాని "కంప్రెసర్ కాలిపోయింది" అని వాళ్లు అన్నప్పుడు కెపాసిటర్‌కి (మోటార్ స్టార్ట్ కావడానికి సాయపడే చిన్న డబ్బాకి) మీటరైనా పెట్టించలేదు. ఇన్వర్టర్ కాని మిషన్లలో స్టార్ట్ కాకుండా "హమ్" మంటే ముందు అనుమానించాల్సింది ఆ చిన్న డబ్బానే.

సరే, మీరైనా పైపు పొడవు, మందం, స్టాండు, నైట్రోజన్ టెస్టు, తుక్కు తగ్గింపు అన్నీ కొటేషన్‌లో రాయించుకోండి. మైక్రాన్ గేజ్ రీడింగ్ ఫోటో మీ ఫోన్‌లో పడ్డాకే ఆఖరి వాయిదా ఇవ్వండి.