పాత పిల్లల ఫొటోలు: రేకు కొనాలా, కార్డు కొనాలా?

పంతొమ్మిదో శతాబ్దపు పిల్లల ఫొటోలు పోగేద్దామనుకునేవాళ్లకు ముందు తగిలేవి రెండే: టిన్‌టైప్ అనే రేకు ఫొటో, కార్ట్ ద విజిట్ అనే కార్డు ఫొటో. 1839లో వచ్చిన డాగ్యురోటైప్ (వెండిపూత రాగి రేకు మీద పడే ఫొటో) ఇంకా అందంగా ఉంటుంది గానీ, మొదట్లోనే దాని జోలికి పోతే జేబు ఖాళీ.

టిన్‌టైప్‌కి పేరులోనే టిన్. నిజానికది పల్చటి ఇనప రేకు, వెనక అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. అమెరికాలో 1856లో పేటెంట్ అయింది. దీనికి నెగెటివ్ ఉండదు, కెమెరాలో పెట్టిన రేకే ఫొటో. ఆ రోజు పిల్లల ఎదురుగా ఉన్న రేకే ఇప్పుడు మన చేతిలో ఉంటుందన్నమాట.

నా దగ్గర అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది ఒకటుంది. ఏడాది నిండని పాప, బుగ్గలకు గులాబీ రంగు అద్దారు. వెనక దుప్పటి మడతల్లోంచి నాలుగు పెద్ద వేళ్లు పాప నడుం పట్టుకుని కనిపిస్తాయి. ఫొటో పడటానికి కొన్ని సెకన్లు పట్టేది, చంటిపిల్లలు కుదురుగా ఉండరు కదా! అందుకే తల్లికి గుడ్డ కప్పి కూర్చోబెట్టేవారు. అమ్మినాయన మాత్రం 'చనిపోయిన పాప' అని చెప్పి ధర పెంచాడు. పాప కుడి చెయ్యి కదిలి మసగ్గా పడింది. చనిపోయిన పిల్ల చెయ్యి ఊపుతుందా?

కార్ట్ ద విజిట్‌ని పారిస్‌లో డిస్డేరీ అనే ఫొటోగ్రాఫర్ 1854లో పేటెంట్ చేశాడు. గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద ప్రింటు వేసి, సుమారు రెండున్నర బై నాలుగు అంగుళాల అట్టకు అతికించేవారు. చాలావాటికి పసుపు తిరిగి ఉంటుంది, ముఖంలో ఆ కళ ఉండదు. కానీ వెనక్కి తిప్పండి. స్టూడియో పేరు, ఊరు, అదృష్టం బాగుంటే పెన్సిల్‌తో రాసిన పిల్ల పేరు! అమెరికా కార్డుకి రెవెన్యూ స్టాంపు ఉంటే అది 1864 సెప్టెంబరుకీ 1866 ఆగస్టుకీ మధ్యది. అంతర్యుద్ధం ఖర్చుకోసం ఫొటోల మీద కూడా పన్ను వేశారు మరి. గౌను చూసి ఆడపిల్ల అనుకోకండి, చిన్నప్పుడు మగపిల్లలకీ గౌన్లే. పాపిట పక్కకు తీసుంటే చాలావరకు అబ్బాయే.

దాచడం రెండూ కష్టమే. మన కోస్తా తేమకు రేకు తుప్పు పడుతుంది, కార్డుకు బూజు పడుతుంది.

నేనిప్పుడు డబ్బు పెట్టేది కార్డుల మీదే. ఎవరి బిడ్డో, ఏ ఊరో తెలియని ముఖాన్ని ఎంతసేపు చూస్తాం? ఆ పాప రేకు మాత్రం ఎవరడిగినా ఇవ్వను.