మడమ నొప్పికి నైట్ స్ప్లింట్: ఆరు నెలలు వాడాక నా మాట

నైట్ స్ప్లింట్ అంటే రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలకుండా కాలికి కట్టుకునే గట్టి పట్టీ. మాది తిరుపతి కొర్లగుంటలో చిన్న టిఫిన్ సెంటర్. మూడున్నరకి అలారం మోగుతుంది, ఐదుకల్లా ఇడ్లీ పాత్ర పొయ్యి ఎక్కాలి, ఐదున్నరకి మొదటి దోసె పడాలి. ఈ సంక్రాంతి వెళ్లిన కొత్తలో ఆ అలారం వినగానే, ఇప్పుడు కాలు కింద పెట్టాలి కదా అని ఏడుపొచ్చేది. కుడి మడమ నేలకి ఆనితే చాలు, లోపల మేకు దిగినట్టుండేది. మంచం కోడు పట్టుకొని, గోడ పట్టుకొని, మునివేళ్ల మీద బాత్రూం దాకా పోయేదాన్ని. పదీ పదిహేను అడుగులు వేశాక కాస్త సర్దుకునేది. పెనం దగ్గర పని అందుకున్నాక మరిచిపోయేదాన్ని కూడా. పదకొండుకి కొట్టు కట్టేసి, అరగంట కూర్చొని లేచానా, మళ్లీ అదే మేకు.

మొదట ఇంటి వైద్యమే చేసుకున్నా. ఇటుక కాల్చి, దాని మీద జిల్లేడాకు పరిచి, మడమ ఆనించి కాపడం పెట్టుకోమని మా అత్త చెప్పింది. రాత్రి హాయిగానే ఉండేది, తెల్లారితే మామూలే. మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు పది రోజులు మింగితే కడుపులో మంట మొదలైంది. ఇక మా పాప పట్టుబట్టి ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకుపోయింది. ఎక్స్‌రేలో మడమ ఎముక కింద చిన్న ముల్లులాగా కనిపించింది. ఎముక పెరిగింది, ఆపరేషన్ అంటారేమో అని నాకు ఒకటే టెన్షన్. ఆయన ఫిల్మ్ పక్కన పెట్టి, "ఈ ముల్లు నొప్పి లేనివాళ్లలో కూడా చాలామందికి ఉంటుందమ్మా, దీన్ని చూసి భయపడొద్దు" అన్నారు. నా పాదం చేతిలోకి తీసుకొని, వేళ్లు వెనక్కి వంచి, మడమకి లోపలి వైపు బొటనవేలితో ఒక్క చోట నొక్కారు. కుర్చీలోంచి ఎగిరిపడ్డాను. "ఇదీ చోటు. ప్లాంటార్ ఫేసియైటిస్ అంటారు" అని చెప్పి ఫిజియోథెరపీకి రాశారు.

ఆ ఫిజియో అమ్మాయి విడమరిచి చెప్పినట్టు నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. మడమ ఎముక నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి చర్మం కింద గట్టి పట్టీ లాంటిది ఒకటి ఉంటుంది. పాదం వంపుని నిలబెట్టేది అదే. ఏళ్ల తరబడి రోజంతా గచ్చు మీద నిలబడితే, అది మడమకి అతుక్కున్న చోట సన్నసన్నగా చిట్లుతుంది. రాత్రి పడుకున్నప్పుడు పాదం తనంతట తాను కిందికి వాలిపోతుంది. పిక్క కండ, ఈ పట్టీ రెండూ ముడుచుకుంటాయి. చిట్లిన చోటు ఆ ముడుచుకున్న కొలతలోనే మానడం మొదలుపెడుతుంది. పొద్దున లేచి ఒంటి బరువంతా వేసేసరికి ఒక్కసారిగా సాగి, రాత్రంతా మానింది కాస్తా మళ్లీ చిట్లుతుంది. "ఎండలో పడి బిగుసుకుపోయిన తోలు చెప్పు చూసుంటావు కదక్కా. అందులో కాలు గట్టిగా దూరిస్తే కుట్టు దగ్గర పట్టీ తెగిపోతుంది, అట్లా" అనింది. పడుకున్నంత సేపూ కాలికీ పాదానికీ మధ్య 90 డిగ్రీలు ఉండేట్టు పట్టి ఉంచితే ఆ ముడుచుకోవడం ఉండదు. నైట్ స్ప్లింట్ చేసే పని అదే.

నేను మాత్రం ధనుర్మాసంలో పాప మొక్కుకని అలిపిరి నుంచి ఉత్త కాళ్లతో 3,550 మెట్లూ ఎక్కాను కాబట్టే ఇదంతా వచ్చిందనుకున్నా. స్వామి దగ్గరికి పోయి వస్తే ఇట్లయిందే అని లోపల బాధగా ఉండేది. ఆ అమ్మాయి నా పిక్క నొక్కి చూసి, "ఇది మెట్లతో వచ్చింది కాదక్కా. పిక్క రాయిలాగా బిగుసుకుపోయింది. పదిహేనేళ్లుగా పెనం ముందు నిలబడిందే కారణం. మెట్లు దాన్ని బయటపెట్టాయి అంతే" అనింది. ఆ మాటకి నా మనసు కుదుటపడింది.

ఇక స్ప్లింట్ సంగతి. రుయా ఆసుపత్రి వైపు సర్జికల్ సామాన్లు అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. అందులో ఒక దాంట్లో అడిగితే బూటు లాంటిది తీసిచ్చారు. కాలి వెనక పిక్క నుంచి అరికాలి దాకా ఎల్ ఆకారంలో గట్టి ప్లాస్టిక్, లోపల స్పాంజి, ముందు మూడు పట్టీలు. 1,650 రూపాయలు. నేను కాలు పెట్టి చూస్తానంటే కొట్లో ఆయన "ఏ సైజు చెప్పు తొడుగుతావు మా, అదే సైజు" అని డబ్బా చేతిలో పెట్టేశాడు. తొందరపడి తెచ్చేశాను. అది నా తప్పే. చెప్పు సైజుతో పాదం పొడుగు తెలుస్తుందే గాని, పిక్క చుట్టుకొలత తెలియదు కదా. నా పిక్కకి పై పట్టీ చివరి అంగుళంలో అతుక్కునేది, అర్ధరాత్రి బర్రుమని ఊడిపోయేది.

దాంతో పాటు వేళ్ల కింద పెట్టుకునేందుకు స్పాంజి ముక్క ఒకటి వచ్చింది, ఒక వైపు మందంగా, ఇంకో వైపు పల్చగా. వేళ్లు పైకి వంగితే అరికాలి పట్టీ ఇంకా సాగుతుందని డబ్బా మీద బొమ్మ ఉంది. ఎక్కువ సాగితే ఎక్కువ గుణమనుకొని మొదటి రాత్రే అదీ పెట్టి, పట్టీలు బిగించి పడుకున్నా. ఒంటిగంటకి మెలకువ వచ్చింది. వేళ్లు తిమ్మిరెక్కి నావి కానట్టున్నాయి. విప్పి చూస్తే పాదం పైన పట్టీ గీత ఎర్రగా లోపలికి దిగి ఉంది. మరుసటి రోజు ఫిజియో అమ్మాయి ఆ స్పాంజి ముక్క చేతిలోకి తీసుకొని, "ఇది ఇప్పుడే వద్దక్కా. ముందు తిన్నగా పట్టి ఉంచడం కాలికి అలవాటు కానీ" అని బల్ల సొరుగులో పెట్టేసింది.

ఆ బూటుతో మూడు వారాలు కష్టపడ్డా. మార్చి నెలాఖరు, తిరుపతి ఎండల సంగతి మీకు చెప్పేదేముంది, రాత్రి పదకొండుకి కూడా గోడలు సెగ కక్కుతుంటాయి. స్పాంజి లోపల కాలు ఉడికిపోయేది. పక్కకి తిరిగితే ఆ ప్లాస్టిక్ రెండో కాలికి తగిలేది. ఒక రాత్రి దాంతోనే బాత్రూంకి లేచి టైల్స్ మీద సర్రున జారాను, తలుపు అందింది కాబట్టి సరిపోయింది. అడుగు గట్టి ప్లాస్టిక్, కింద తడి. ఆ రకం కొన్నవాళ్లు ఎంత నిద్రమత్తులో ఉన్నా విప్పేసే లేవండి. ఇంత అవస్థ పడినా ఒక్కటి మాత్రం నిజం. నాలుగైదు గంటలు ఉంచుకోగలిగిన రాత్రి తర్వాత పొద్దున మొదటి అడుగు తేడాగా ఉండేది. మేకు మేకులాగా దిగేది కాదు, మొద్దుగా నొక్కినట్టుండేది. అది చూసే మానేయకుండా రెండోది కొన్నాను.

రెండోది ముందు వైపు కట్టుకునే రకం. మోకాలి కింద నుంచి పాదం పైదాకా ఎముక మీద ఒక గట్టి బద్ద ఆనుకొని ఉంటుంది, లోపల మెత్తని గుడ్డ, పిక్క చుట్టూ ఒక పట్టీ, చీలమండ దగ్గర ఒకటి, అరికాలి కింద నుంచి ఒకటి. మడమా అరికాలూ చాలావరకు ఖాళీగానే ఉంటాయి, గాలాడుతుంది. ఇది వేరే కొట్లో తీసుకున్నా, 1,200 రూపాయలు. ఈసారి అక్కడే స్టూలు మీద కూర్చొని, కట్టుకొని, పది నిమిషాలు ఉంచుకొని చూశాకే డబ్బులిచ్చాను. ఒంటికి వేసుకున్నది వెనక్కి తీసుకోం అని ఏ కొట్లో అయినా అంటారు, అందుకే కట్టుకొని చూడనిచ్చే కొట్టుకే పోవాలి. పట్టు విషయంలో మొదటి బూటే గట్టిది, దీంట్లో పాదం ఓ పిసరు కిందికి వాలుతుంది. అయినా నాకు ఇదే నచ్చింది. రాత్రంతా ఉంచుకోగలిగేదే కదా పనిచేసేది. మూడు గంటలకే విప్పి పారేసే గట్టి బూటు ఎంత గట్టిదైతే ఏం లాభం?

కట్టుకునే తీరు కూడా చెప్తా, ఎందుకంటే దాదాపు అంతా అక్కడే ఉంది. మంచం అంచున కూర్చొని మోకాలు వంచి ఉంచుకుంటాను, అప్పుడు పిక్క వదులుగా ఉంటుంది. పల్చటి నూలు సాక్సు తొడిగి, పైన ముడతలు లేకుండా లాగుతాను. ముడత ఉంటే అదే తెల్లారేసరికి గీరుకుపోతుంది. మొదట చీలమండ పట్టీ, తర్వాత పిక్క పట్టీ, ఆఖరున అరికాలి పట్టీ. ఏ పట్టీ కింద అయినా ఒక వేలు సులువుగా దూరాలి. అన్నీ అయ్యాక బొటనవేలి గోరు నొక్కి వదులుతాను. తెల్లబడిన గోరు వెంటనే ఎర్రబడాలి. ఆలస్యం అయిందంటే బిగువు ఎక్కువైనట్టే, ఒక అంగుళం వదులు చేస్తాను. మొదటి మూడు రాత్రులు రెండేసి గంటలే, ఆ తర్వాత గంట గంట పెంచుకుంటూ పోయాను. పది రోజులకి తెల్లవార్లూ ఉంచుకోగలిగాను. ఈ పది రోజులు ఓపిక పట్టలేకే చాలామంది మూల పడేస్తారని ఫిజియో అమ్మాయి చెప్పింది. నాకూ ఐదో రాత్రి ఆ బుద్ధి పుట్టింది.

మూడో వారంలో ఒకరోజు లేచి, బాత్రూంకి పోయి, మొహం కడుక్కొని, పొయ్యి వెలిగించాక గుర్తొచ్చింది, ఇందాక గోడ పట్టుకోలేదని. గ్యాస్ సిమ్‌లో పెట్టి మళ్లీ మంచం దాకా పోయి, కూర్చొని, లేచి చూశాను. నొప్పి ఉంది, కానీ నిలబడి మాట్లాడగలిగేంత నొప్పి. మా ఆయన్ని లేపి చెప్పాను. ఆయన నిద్రలోనే "దేవుడు చల్లగా చూశాడు" అని అటు తిరిగి పడుకున్నారు. రెండున్నర నెలలకి ఆ మిగిలిందీ దాదాపుగా పోయింది.

అయితే స్ప్లింట్ ఒక్కటే అంతా చేసిందని చెప్పను. అది బాగు చేసింది పొద్దుటి నొప్పిని. సాయంత్రం ఎక్కువసేపు నిలబడ్డాక వచ్చే నొప్పికి వేరే పనులు చేయాల్సి వచ్చింది. పెనం దగ్గర గచ్చు మీద మందపాటి రబ్బరు చాప వేశాం. కొట్లో ఉత్త కాళ్లతో నిలబడడం మానేసి ఎంసీఆర్ చెప్పులు, అంటే మెత్తటి రబ్బరు అడుగు ఉన్నవి, తొడుగుతున్నాను. రోజుకి రెండు పూటలా గోడకి చేతులు ఆనించి, కుడి కాలు వెనక్కి పెట్టి, మడమ లేవకుండా 30 సెకన్లు పిక్క సాగదీస్తాను, మూడేసి సార్లు. మధ్యాహ్నం ఫ్రిజ్‌లో గడ్డకట్టిన నీళ్ల సీసా అరికాలి కింద దొర్లిస్తాను. ఇవేవీ చేయకుండా రాత్రి పట్టీ మాత్రం కట్టుకుంటానంటే సగం డబ్బు దండగే.

ఇబ్బందులు కొన్ని చెప్పాలి. వెల్క్రోకి నైటీ దారాలు, దుప్పటి నూగు పట్టుకొని రెండు నెలలకే పట్టు తగ్గింది. పాత టూత్‌బ్రష్‌తో వారానికోసారి నూగు తీస్తే మళ్లీ అతుక్కుంటోంది. లోపలి గుడ్డ చెమటకి వాసన వస్తుంది, ఆదివారం సబ్బు నీళ్లలో ఉతికి నీడన ఆరేస్తాను. కరెంటు పోయిన రాత్రి మాత్రం ఏ రకమైనా నరకమే, అట్లాంటప్పుడు విప్పేశాను, ఒక్క రాత్రికి ఏం కాలేదు.

మా అత్తకి షుగర్, పాదాలు మొద్దుబారి ఉంటాయి. నాకు తగ్గడం చూసి తనకీ కట్టమంది. ఫిజియో అమ్మాయిని అడిగితే ఒప్పుకోలేదు. స్పర్శ సరిగా లేని కాలికి పట్టీ ఒరుసుకున్నా తెలియదట, పుండయ్యాకే కనిపిస్తుందట. షుగర్ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోవద్దు. మడమ నొప్పి అంటే అన్నీ ఇదే కావు కూడా. రాత్రి పడుకున్నా నొప్పి తగ్గకపోతే, వాపు ఉంటే, తిమ్మిరి ఉంటే, కొట్టుకి కాదు, ముందు ఆసుపత్రికే పోవాలి.

పోయిన నెల చిత్తూరు నుంచి మా వదిన ఫోన్ చేసింది. గ్రీమ్స్‌పేటలో ఉంటుంది, టైలరింగ్, ఆమెకీ మడమే. "నీ పాత బూటు ఊరికే ఉంది కదా, నాకు పంపియ్యి" అనింది. డాక్టర్‌కి చూపించుకున్నాకే అన్నాను. చూపించుకొని వచ్చింది, ఆయనా ఇదే జబ్బన్నారట. పిక్క కొలత టేపుతో చూసి చెప్పమన్నా, 13 అంగుళాలు. ఆమె సన్నగా ఉంటుంది, నాకు చాలని పట్టీలు ఆమెకి బాగా సరిపోయాయి. లోపలి స్పాంజి ఉతికి, ఎండబెట్టి, బస్సులో పంపించాను. వేళ్ల కింద పెట్టే ఆ స్పాంజి ముక్క మాత్రం పంపలేదు.

ఇప్పుడు నేను రోజూ కట్టుకోవడం లేదు. మూడున్నర నెలలు విడవకుండా కట్టుకొని, ఆ తర్వాత రోజు మార్చి రోజు, ఇప్పుడు కాలు బరువెక్కిన రోజు మాత్రమే. తమిళుల పెరటాసి నెల శనివారాలు మీకు తెలుసుగా, తమిళనాడు నుంచి కొండకి వచ్చేవాళ్లతో తిరుపతి నిండిపోతుంది, మాకు పిండి రెండింతలు రుబ్బాలి. మొన్న శనివారం నాలుగున్నర నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా పెనం వదల్లేదు. సాయంత్రానికి మడమలో చిన్న హెచ్చరిక మొదలైంది. రాత్రి సాక్సు తొడిగి, మూడు పట్టీలు వేసి, గోరు నొక్కి చూసుకొని పడుకున్నాను. ఆదివారం మూడున్నరకి లేచి, పట్టీలు విప్పి, తిన్నగా పిండి గిన్నె దగ్గరికి నడిచిపోయాను.